తప్పు బట్వాడా

ఆ వేసవిలో మా అమ్మని ఏం అడిగినా ఒకటే జవాబు. ఎలా ఉందమ్మా అంటే, చేరింది. తిన్నది ఇమిడిందా అంటే, చేరింది. నిద్ర పట్టిందా అన్నా అదే మాట. నేను పత్రికలో విలేకరిని. ఫోనెత్తని అధికారుల్నీ, మాట దాటేసే నాయకుల్నీ చూసినదాన్ని. వాళ్ల వెంటపడి ఎంతో కొంత రాబట్టుకునే వచ్చేదాన్ని. ఇంట్లో ఎదురుగా కుర్చీలో కూర్చున్న మనిషి నోట్లోంచి ఒక్క వాక్యం రాబట్టలేకపోయాను.

ఆ మాట ఆమె ఉద్యోగంలోది. అమ్మది పార్సిళ్లు బట్వాడా చేసే పని. పార్సిలు ఇచ్చాక చేతిలో ఉన్న యంత్రం మీద ‘చేరింది’ అనే మీట నొక్కాలి. నొక్కితే ఆ పార్సిలు కథ ముగిసినట్టే. పైవాళ్లెవరూ దాని గురించి మళ్లీ అడగరు. అమ్మ బీటు వాటర్ ట్యాంకు వెనక గుట్ట మీది వీధులు. సగం దూరం మెట్లే. బండి ఎక్కదు. సంచి భుజాన వేసుకుని నడవాల్సిందే. ఆ బీటు ఎవరికిచ్చినా కొన్నాళ్లకే కాళ్లావేళ్లా పడి మార్పించుకునేవాళ్లు. అమ్మ దాన్ని వదల్లేదు. అక్కడివాళ్లు ఆమెను పార్సిలమ్మ అంటారు. అసలు పేరుతో పిలిస్తే, ఎవర్నో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూస్తుందని నాన్న ఎగతాళి.

జబ్బు మొదటిసారి రొమ్ములో వచ్చింది. అప్పుడు ఎర్రగా ఉండే మందొకటి ఎక్కించారు. మందు జబ్బును సాగనంపింది. పోతూ పోతూ గుండె బలంలో కొంత పట్టుకుపోయింది. అమ్మ మళ్లీ సంచి ఎత్తుకుంది. ఏళ్లు గడిచాయి. ఆ వేసవి మొదట్లో పరీక్షలు చేస్తే జబ్బు కాలేయంలో తేలింది.

డాక్టరు నాకంటే చిన్నది. ఆమె గదిలో మూడు కుర్చీలుంటే రెండింటి మీద ఫైళ్లున్నాయి. అమ్మ కూర్చుంది. నాన్నా నేనూ నిలబడ్డాం.

“ఇదీ ఆ పాత ఎర్ర మందేనమ్మా,” అంది డాక్టరు. “కాకపోతే ఈసారి విడిగా ఎక్కించం. కొవ్వుతో చేసిన గుళికల్లో పెట్టి ఎక్కిస్తాం. నానో కణాలంటారు. వెంట్రుక మందాన్ని వెయ్యి వంతులు చేస్తే అందులో ఒక వంతు ఉంటుంది ఒక్కో గుళిక.”

“కవరు మారిస్తే ఉత్తరం మారుతుందా?” అంది అమ్మ.

డాక్టరు నా వైపు చూసింది.

“పార్సిళ్లు పంచుతుందండీ,” అన్నాను.

ఆ ముక్క చెప్పకుండా ఉండాల్సింది. డాక్టరుకి హుషారు వచ్చింది. కుర్చీ ముందుకి జరుపుకుంది.

“అయితే మీకు ఇట్టే అర్థమవుతుంది. విడి మందు ఉంది చూశారూ, అది దారి పొడుగునా కనబడ్డ ఇంట్లోకల్లా దూరేది. అలాగే గుండెలోనూ దూరింది. ఇప్పుడు దాన్ని పార్సిలు కట్టాం. దారిలో విప్పుకోదు. గుండెను దాటుకుని పోతుంది. జబ్బున్న ఇంటికెళ్లి అక్కడ విప్పుకుంటుంది.”

“అడ్రసు ఎవరు రాస్తారు?”

డాక్టరు నవ్వింది. “దానికే తెలుస్తుంది లెండి.”

అమ్మ నవ్వలేదు. పార్సిలుకి అడ్రసు దానికే తెలియడమనేది ఆమె ఉద్యోగంలో జరిగే పని కాదు. అయినా మర్యాదకి ఊరుకుంది.

“ఇది పడకపోతే?” అని నేనడిగాను.

“పడేలా చూసుకుందాం,” అంది డాక్టరు. హుషారు తగ్గింది. “వాడదగ్గవి చాలావరకు అప్పట్లోనే వాడేశారు. ఈ గుండె తట్టుకోగలిగేదీ, అప్పట్లో ఈ రూపంలో వాడనిదీ నాకు ఇదొక్కటే కనబడుతోంది. దీన్ని కాపాడుకోవాలి.”

కాపాడుకోవాలి అన్న మాట అమ్మ చెవిలో పడింది. ఎలా పడిందో తర్వాత తెలిసింది.

మందు ఎక్కించే గదిలో నర్సు జాగ్రత్తలు చెప్పినప్పుడు నేను కింద మందుల కౌంటరు దగ్గర వరసలో ఉన్నాను. వేడి తగలనివ్వకండి, బిగుతు చెప్పులు వద్దు, అరచేతులూ అరికాళ్లూ మండినా ఎర్రబడినా వెంటనే ఫోన్ చెయ్యండి అని చెప్పిందట. నాన్న తలూపాడట. తిరిగొచ్చేటప్పుడు బజారులో ఆగి గొడుగు కొన్నాడు. వేసవిలో వేడి తగలనివ్వొద్దంటే ఎండలోకి పంపొద్దని కాక ఇంకేమిటి?

*

ఆ వేసవికి నేను నా అద్దె గదికి తాళం వేసి అమ్మానాన్నల దగ్గరికి వచ్చేశాను. నా డ్యూటీ మధ్యాహ్నం మొదలై పేజీలు మూసేదాకా ఉంటుంది. నేను లేచేసరికి వాళ్లిద్దరూ బయటికెళ్లి తిరిగొచ్చి, కాఫీ తాగి, గ్లాసులు కడిగేసి ఉండేవాళ్లు.

“పార్కులో గాలికి తిప్పుతున్నా,” అనేవాడు నాన్న. “ఎండెక్కకముందే.”

నాన్న బస్సు నడిపి రిటైరయ్యాడు. ఇంట్లో ఏ పనైనా బస్సు బయల్దేరినట్టు వేళకి జరగాలి. అందులో ఒకటి సాయంత్రం బేసిన్. అమ్మ బీటు నుంచి వచ్చి కుర్చీలో కూలబడేసరికి, ఉప్పు వేసిన వేన్నీళ్ల బేసిన్ ఆమె కాళ్ల ముందుకి రావాలి. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అది తప్పలేదు. వాళ్లిద్దరూ మాట్లాడుకోని రోజుల్లో కూడా బేసిన్ వచ్చేది. ఇప్పుడు అమ్మ సెలవులో ఉంది. బేసిన్ మాత్రం వస్తూనే ఉంది. నాకు సెలవైన ఒక సాయంత్రం చూసి అడిగాను.

“నడవని కాళ్లకి వేన్నీళ్లెందుకు నాన్నా?”

“సెలవని కాళ్లకి తెలుసా?” అన్నాడు.

ఇద్దరికిద్దరూ సరిపోయారు. వీళ్లు చాలరన్నట్టు పిన్ని ఒకతి. అమ్మ చెల్లెలు. వెనక వీధిలోనే ఇల్లు. రోజూ వచ్చి అమ్మ పక్కన కూర్చుని నమ్మకం గురించి చెప్పేది.

“మందు మీద గురి ఉండాలక్కా. గురి లేకపోతే అమృతమైనా మట్టే. ఇక్కడ మంట, అక్కడ నొప్పి అని నువ్వే అనుకుంటూ కూర్చుంటే మందేం చేస్తుంది పాపం.”

“నువ్వు ఇంకో గంట ఇలాగే కూర్చో,” అనేది అమ్మ, “జబ్బు దానంతటదే లేచిపోతుంది.”

పిన్ని నొచ్చుకునేది కాదు. “మా అక్కకి నోరున్నంతకాలం ఏం కాదు,” అని నాతో చెప్పి వెళ్లేది. నాతో మాత్రం ఆ నోరు ఒకే మాట పలికేది. చేరింది.

ఆఫీసులో మా ఎడిటరు గారు ఇంకో రకం. ఆదివారం పేజీకి నానో మందుల మీద వ్యాసం కావాలన్నారు.

“కథ ఇంట్లోనే పెట్టుకున్నావు కదమ్మా. వేరే వెతుక్కోవడం దేనికి? శీర్షిక కూడా అనుకున్నా. క్యాన్సర్‌పై రామబాణం.”

“కొందరికి, కొంతవరకు పనిచేస్తోందంటున్నారు సార్ డాక్టర్లు.”

“కొందరికి, కొంతవరకు అని శీర్షిక పెడితే నువ్వు చదువుతావా?”

“చదువుతాను సార్.”

“నువ్వు చదువుతావు. పేపరు కొనేవాళ్లు చదవాలి కదా.”

వ్యాసం రాస్తాను, కొంచెం గడువివ్వండన్నాను. ఆయన గడువిచ్చారు. శీర్షిక మాత్రం వెనక్కి తీసుకోలేదు.

*

రెండోసారి మందు ఎక్కించి వచ్చాక అమ్మ ఇంట్లో మేజోళ్లు వేసుకోవడం మొదలెట్టింది. ఫ్యాను కింద కూర్చున్నా మెడ తడిసే రోజులవి.

“మేజోళ్లేమిటమ్మా ఈ ఉక్కలో?”

“నేల చల్లగా ఉంది.”

నేను చెప్పులు విప్పి నేల మీద పాదం ఆనించి చూశాను. వెచ్చగా ఉంది. అదే మాట చెప్పాను.

“నీ కాలు వేరు, నా కాలు వేరు,” అంది.

నడక కూడా మారింది. పాదాల బయటి అంచుల మీద నడుస్తోంది, తడి నేల మీద అడుగులు పడకుండా జాగ్రత్తపడే మనిషిలా. అడిగితే వంటింట్లోకి వెళ్లిపోయింది. నాన్ననడిగితే, “నువ్వు ఇంట్లో కూడా ఇంటర్వ్యూలేనా?” అన్నాడు.

అది జరిగిన వారంలోనే ఒక పొద్దున బెల్లు మోగింది. నేను మంచం దిగి వెళ్లి తలుపు తీశాను. అమ్మ సెలవులో ఉన్నన్నాళ్లూ గుట్ట బీటు చూడటానికి వేసినాయన. ఆయనా రిటైర్మెంటుకి దగ్గర్లోనే ఉన్నాడు. అప్పటికే చొక్కా వీపుకి అతుక్కుపోయింది. చేతిలో పార్సిలేమీ లేదు.

“పార్సిలమ్మ గారు వచ్చేశారా?”

“ఎక్కణ్ణుంచి?” అన్నాను.

ఆయన నా భుజం మీదుగా లోపలికి చూశాడు. అమ్మా నాన్నా టేబుల్ దగ్గర కాఫీ తాగుతున్నారు. నాన్న గ్లాసు దించాడు.

“కోప్పడకండమ్మా,” అన్నాడాయన నాతోనే. “రేపట్నుంచి మెట్ల దగ్గరికి రావొద్దని మీరైనా చెప్పండి. సెలవులో ఉన్న మనిషి చేత సంచి మోయిస్తున్నానని ఎవరో పైకి చేరేశారు. నేను వద్దంటూనే ఉన్నాను. వినరు. పై మెట్ల ఇళ్ల పార్సిళ్లన్నీ లాక్కుని ముందు నడుస్తారు. అయ్యగారేమో కింద గొడుగు పట్టుకుని నిలబడతారు.”

“నేను నిలబడింది ఎండకి,” అన్నాడు నాన్న.

“మరి పార్కు?” అన్నాను.

“ఆ పక్కనేగా పార్కు.”

అమ్మ ఆ వచ్చినాయన మీదకి తిరిగింది. “నువ్వు నీలం గేటింటి పార్సిలు పచ్చ గేటింట్లో ఇచ్చి రాకపోతే నేనెందుకు వస్తాను? ఆ ఇద్దరికీ మాటల్లేవని నీకు చెప్పానా లేదా?”

“చెప్పారమ్మా.”

“చెప్పాక కూడా ఇచ్చావా లేదా?”

“ఇచ్చానమ్మా.” ఆయన తల దించుకుని వెళ్లిపోయాడు.

నేను తలుపు వేసి వచ్చి అమ్మ ఎదురుగా కూర్చున్నాను.

“మేజోళ్లు తియ్యి.”

“దేనికీ?”

“తియ్యమ్మా.”

“తీసెయ్యి ఇంక,” అన్నాడు నాన్న నెమ్మదిగా. అంటే ఆయనకి తెలుసు.

కుడి కాలి మేజోడు మడమ దాకా వచ్చి ఆగింది. నాన్న చెంబుతో నీళ్లు తెచ్చి, మేజోడు తడిపి, కాస్త కాస్తగా లాగాడు. అమ్మ కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. మేజోడుతోపాటు అరికాలి తోలు కొంత వచ్చింది. ఎడమ కాలూ అంతే. తర్వాత అడక్కుండానే అరచేతులు తిప్పి చూపించింది. రెండూ ఎర్రబడ్డాయి. సంచి పట్టీ పట్టుకునే చేతికి పొక్కులు కూడా ఉన్నాయి.

“ఎప్పట్నుంచి?”

“రెండోసారి ఎక్కించినప్పట్నుంచి.”

“ఎందుకు చెప్పలేదు?”

“చెబితే ఆపేస్తారుగా.”

“ఎవరు చెప్పారు ఆపేస్తారని?”

అమ్మ నా వైపు చూసిన చూపు, ఇంత చదివించినా దీనికి ఇదీ తెలియదా అన్నట్టుంది.

“పార్సిలు తప్పు ఇంట్లో పడిందనుకో. ఆ సంగతి ఆఫీసుకి చెప్పావా, మర్నాడు నీ బీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. పని తెలిసినవాళ్లెవరూ చెప్పరు. సాయంత్రం చడీచప్పుడు లేకుండా మనమే వెళ్లి, తప్పింట్లోంచి తీసుకుని, సరైన ఇంట్లో ఇచ్చేసి రావాలి. పొద్దునకి ఎవరికీ తెలియదు.”

“ఇది మందమ్మా. పార్సిలు కాదు.”

“పార్సిలే అని డాక్టరమ్మ చెప్పింది. నువ్వు పక్కనే ఉన్నావు.”

నేను తడి మేజోళ్లు తీసి పక్కన పెట్టాను.

“అది కాలేయానికి పోవాల్సింది,” అంది అమ్మ. “దారి తప్పి కాళ్లలోకి దిగింది. కాళ్లలోకి దిగినదాన్ని మళ్లీ పైకి పంపాలంటే ఏం చెయ్యాలి? నడవాలి. నడిస్తే నెత్తురు పైకి పోతుంది. ఇంకో రెండు వీధులు ఎక్కువ నడిచా. వేన్నీళ్లు పెడితే బిగుసుకున్నది వదులవుతుందని ఈయన రోజుకి రెండుసార్లు పెట్టారు. ఏదో సర్దుకుంటున్నాం. ఈలోపు వీడొచ్చి బెల్లు కొట్టాడు.”

లేచి బట్టలు మార్చుకోమన్నాను. ఇద్దర్నీ. నా గొంతు ఇంకో వీధిలో ఉన్న పిన్నికి కూడా వినబడి ఉంటుంది. ఎందుకంటే మేం ఆటో ఎక్కేసరికి ఆమె కూడా వచ్చి ఎక్కింది.

*

డాక్టరు అమ్మ పాదాలు తన ఒళ్లో పెట్టుకుని చూసింది.

“మండితే ఫోన్ చెయ్యమన్నారు కదమ్మా నర్సు?”

“మీ పార్సిలు తప్పు ఇంట్లో పడిందండీ,” అంది అమ్మ. “మీకెందుకు శ్రమ, నేనే సర్దేద్దామనుకున్నా.”

డాక్టరు నా వైపు చూసింది. అమ్మ నాకు చెప్పినదంతా నేను డాక్టరుకి చెప్పాను. వింటున్నంతసేపూ ఆమె పాదాల్ని కిందికి దించలేదు.

“తప్పు నాది,” అంది చివరికి. “అడ్రసు లేదమ్మా దానికి.”

“లేదా?”

“లేదు. ఈ గుళికలు ఒళ్లంతా తిరుగుతాయి. ఆరోగ్యంగా ఉన్న చోట రక్తనాళం గోడ గట్టిగా ఉంటుంది. గుళికకి అందులో దూరే సందుండదు. జబ్బు తన నాళాల్ని హడావుడిగా కట్టుకుంటుంది. గోడలకి చిల్లులుంటాయి. గుళిక ఆ చిల్లుల్లోంచి జారి లోపల పడుతుంది. అంతే. దానికేమీ తెలియదు.”

అమ్మ తన అరికాళ్ల వైపు చూసుకుంది.

“అడ్రసు లేకుండా నా ఒంట్లోకి పంపించారన్నమాట.”

“అవును.”

“అది పార్సిలు కాదు. కరపత్రాలు పంచడం. ఏ ఇంటి గోడ పడిపోయి ఉంటే ఆ ఇంట్లో పడతాయి.”

“అలాగే అనుకోండి. మరి అరికాళ్లూ అరచేతులూ ఉన్నాయి చూశారూ, వాటిని నొక్కినా, రాపిడి తగిలినా, వేడి తగిలినా అక్కడి సన్న నాళాలు వదులవుతాయి. అక్కడా జారి పడుతుంది. మీరు ఎంత నడిస్తే అంత కాళ్లలోకి దిగుతుంది. మీరు పైకి పంపలేదమ్మా. పిలిచి కిందికి దించుకున్నారు.”

“అమ్మమ్మమ్మ,” అంది పిన్ని వెనకనుంచి. ఎవరూ ఆమె వైపు చూడలేదు.

“వేడి అంటే గుర్తొచ్చింది,” అంది డాక్టరు. “వేన్నీళ్లేమైనా పోస్తున్నారా కాళ్ల మీద?”

నాన్న గది మూలకి ఆనించిన గొడుగు వైపు చూశాడు.

“వేడి తగలనివ్వొద్దన్నారని గొడుగు కొన్నానండీ,” అన్నాడు.

“మంచి పని చేశారు. వేన్నీళ్లు?”

“అది వేడి కాదండీ. అది...” ఏమిటో చెప్పడానికి ఆయనకి మాట దొరకలేదు. “సాయంత్రం పెడతాను. రోజూ పెడతాను.”

“ఇక చన్నీళ్లు పెట్టండి,” అంది డాక్టరు.

“అలాగేనండీ.”

అంతకుమించి ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. డాక్టరు పాదాలు దించి, చేతులు కడుక్కుని వచ్చింది.

“అయితే బీటు మార్చేస్తారా?” అంది అమ్మ. ఆ మాట అడిగేటప్పుడు ఆమె గొంతు చిన్నదైంది. బీటంటే మందని అందరికీ తెలిసింది.

“ఇప్పుడు కాదు. పుళ్లు మానేదాకా మందు ఎక్కించను. మానితే, ఈసారి మోతాదు తగ్గించి, ఎడం పెంచి ఇస్తాను. మానకపోతే అప్పుడు ఆపక తప్పదు. కానీ ఒకటి వినండి. మా దగ్గర లెక్క మీ ఆఫీసులోలా కాదు. మీరు ఫిర్యాదు చేస్తే మందు మీకు మిగులుతుంది. దాస్తేనే పోతుంది.”

“తిరకాసు ఆఫీసులా ఉందే,” అంది అమ్మ.

*

పుళ్లు మానడం కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందంటే, పొంగని పాల గిన్నె ముందు నిలబడ్డట్టుంటుంది. మేం ముగ్గురం అమ్మ అరికాళ్ల ముందు నిలబడ్డాం. ఈలోపు లోపల జబ్బు ఏం చేస్తోందో ఎవరికీ తెలియదు. మందు లేని ప్రతి వారం దానిదే. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. పిన్ని కూడా అనలేదంటే చూడండి. గురి గురించి మాట్లాడటం మానేసి, ఆముదం పట్టుకుని వచ్చింది ఒకసారి. అమ్మ తలుపు దగ్గరే ఆపేసింది.

మొదటిరోజు నేను డ్యూటీకి వెళ్లలేదు. సాయంత్రం నాన్న బేసిన్ పట్టుకుని కుళాయి దగ్గర నిలబడ్డాడు. నీళ్లు నిండాయి. కుళాయి కట్టేశాడు. అయినా అక్కడే నిలబడ్డాడు.

“ఏమైంది నాన్నా?”

“చన్నీళ్లు ఎవరైనా పెడతారు,” అన్నాడు. “దీనికి నేనెందుకు?”

బేసిన్ తెచ్చి అమ్మ కాళ్ల ముందు పెట్టాడు. పెట్టేముందు, కాలుతాయేమోనని ఎప్పుడూ చూసినట్టే, వేలు ముంచి చూశాడు. అమ్మ కాళ్లు పెట్టి ఒక్కసారి వణికింది.

“చచ్చేంత చల్లగా ఉన్నాయి,” అంది.

“అయితే సరిగ్గా ఉన్నట్టే,” అన్నాడు.

బీటు మీద అమ్మ పెత్తనం మాత్రం ఆగలేదు. కుర్చీలో కూర్చుని, కాళ్లు బేసిన్‌లో పెట్టుకుని, ఫోనులో ఆ బట్వాడా ఆయనకి దారి చెప్పేది. ఎడమకి తిరుగు. అక్కడ మూడో మెట్టు విరిగింది, దాని మీద కాలెయ్యకు. కుక్క అరుస్తుంది, కరవదు. ఆ ముసలాయనకి వినబడదు, బెల్లు కొట్టి లాభం లేదు, కిటికీ కొట్టు. ఆయన పాపం అన్నిటికీ అలాగేనమ్మా అనేవాడు. నేను నా వ్యాసం రాసుకుంటూ ఆ మాటలన్నీ వినేదాన్ని. ఇన్ని సంగతులు తెలిసిన మనిషికి తన అరికాలి సంగతి ఇంకొకరికి చెప్పాలని తెలియకపోవడం ఏమిటో నాకు ఈ రోజుకీ అర్థం కాలేదు.

వ్యాసంలో చిల్లుల గోడ గురించి రాశాను. కొందరికి, కొంతవరకు అన్న మాటలు రెండుచోట్ల పెట్టాను. ఆదివారం పేపరు వచ్చింది. ఒక చోటే మిగిలాయి. శీర్షిక ‘గురి తప్పని మందు’. రామబాణాన్ని తీసేసినందుకు సంతోషించాలన్నట్టు ఎడిటరు గారు పొద్దున్నే ఫోన్ చేశారు.

“గురి తప్పుతుందనే కదా సార్ నేను రాసింది?”

“చదివేవాళ్లకి ఆశ ఉండాలమ్మా.”

ఫోను స్పీకరులో ఉంది. అమ్మ వింది.

“ఆశ కాదు, అడ్రసు ఉండాలి,” అంది పక్కనుంచి.

“ఎవరమ్మా అది?”

“మా ఇంటి బట్వాడా ఆఫీసు,” అన్నాను.

అరికాళ్లకి కొత్త తోలు వచ్చింది. ముందు ఎడమ కాలికి, తర్వాత కుడికి. డాక్టరు వేలితో నొక్కి చూసి, మందు మళ్లీ ఎక్కించమని రాసింది. మోతాదు తగ్గించింది. ఎక్కిస్తున్నంతసేపూ అమ్మ చేతుల్లోనూ కాళ్ల కిందా చల్లని సంచులు పెట్టారు. ఈసారి నర్సు జాగ్రత్తలు చెప్పేటప్పుడు నేను కౌంటరుకి వెళ్లలేదు. వేడి అన్న మాట దగ్గర ఆపి, అందులో ఏమేం వస్తాయో ఒక్కొక్కటీ చెప్పించాను. నర్సు విసుక్కుంది. విసుక్కోనీ.

ఆ తర్వాత ఇంకోసారి ఎక్కించాక స్కానింగ్ చేశారు. వేసవి అప్పటికి చివరికి వచ్చింది. కిటికీ బయట ఎవరో వర్షం వస్తుందంటూ బట్టలు తీస్తున్నారు. డాక్టరు తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది.

“పెరగలేదు,” అంది. “తగ్గలేదు కూడా. ఉన్నంతే ఉంది.”

పిన్ని కళ్లు తుడుచుకుంది. సంతోషించాలో వద్దో తెలియక నాన్న నా ముఖం చూశాడు. నాకూ తెలియదు.

అమ్మ రెండు బొమ్మల్నీ మార్చి మార్చి చూసింది.

“ఇంటికి తాళం ఉంది,” అంది. “చీటీ పెట్టి వచ్చారు. మళ్లీ వెళ్లాలి. అంతేనా?”

“అంతేనమ్మా,” అంది డాక్టరు.

“దానికేముంది. నేను ఒకే ఇంటికి ఎన్నిసార్లు ఎక్కలేదు?”

*

వానలు మొదలైన వారంలో నేను నీటి సరఫరా అధికారి విలేకరుల సమావేశంలో ఉన్నాను. ఆయన మైకు సర్దుకుని రెండు ముక్కలు మాట్లాడాడో లేదో, నా ఫోను మోగింది. అమ్మ. అమ్మ పగటిపూట ఫోన్ చేసే మనిషి కాదు. వెనక వరసలోకి వెళ్లి ఎత్తాను.

“ఏమైందమ్మా?”

“ఏమీ కాలేదు. నర్సుకి చెప్పాను. నీకూ చెప్పమంది. రాసుకో.”

“ఇప్పుడా?”

“మండితే వెంటనే చెప్పమన్నారా, తీరిగ్గా చెప్పమన్నారా?”

కాగితం పైన అధికారి అన్న ఒక వాక్యం ఉంది. దాని కింద రాయడం మొదలెట్టాను. కుడి మడమ. ఎడమ అరచేతిలో చూపుడు వేలి కింద. నోట్లో పుల్లగా ఉండటం. నాన్న బేసిన్‌లో ఐసు ముక్కలు వేయడం, వద్దంటే వినకపోవడం. పిన్ని రావడం. పిన్ని వెళ్లకపోవడం. ఈసారి పచ్చ గేటింటి పార్సిలు నీలం గేటింట్లో ఇచ్చిన మనిషి. పక్కన కూర్చున్న విలేకరి నా కాగితంలోకి తొంగిచూసి, నాకు నీటి సరఫరాలో ఏదో పెద్ద వార్త దొరికిందనుకున్నాడు. అధికారి ప్రశ్నలేమైనా ఉన్నాయా అన్నాడు. నేను చెయ్యెత్తలేదు.

“అన్నీ రాశావా?” అంది అమ్మ.

“రాశానమ్మా.”

“ఏం రాశావో చదువు.”

ఆ సమావేశం గదిలో, అందరూ నా వైపు తిరిగి చూస్తుండగా, గొంతు తగ్గించి చదివాను. “కుడి మడమ. నిన్నటికంటే మంట తక్కువ.”

“తక్కువ అని నేనెప్పుడన్నానే?” అంది అమ్మ. “ఉన్నంతే ఉందన్నా. ఉన్నది రాయి.”

కొట్టేసి, మళ్లీ రాశాను.